చెరువుకట్ట సంరక్షణము - పోరుమామిళ్ళ శాసనము

చెరువు త్రవ్వించుటను మన పూర్వులు సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. అది యెట్లుండవలెనో, యెట్లుండరాదో విశదముగా దెలుపు శాసనము కడపసీమయందలి పోరుమామిళ్ళలో నున్నది.

మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, ఉదయగిరినుండి పాలించుచు శాలివాహనశకము 1291, అనగా క్రీ.శ. 1369లో, అనంతరాజసాగరమను నీ చెరువును గట్టించెను. దినమునకు వేయిమంది కూలివాండ్రును, రాయి తోలుటకు నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు ఆ సంస్కృతశాసనము చెప్పుచున్నది. కట్ట పొడవు 5000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7.

చెరువునకు పండ్రెండంగములును, ఆరు దోషములును అందు వివరింపబడినవి. కట్టనుండి నీరు ఊరుట, చౌటినేల, రెండు రాజ్యముల పొలిమేర, నడుమ తాబేటివీపువంటి మెరక, నీరు కొంచెమై నేల విస్తారమగుట, నేల కొంచెమై నీరు విస్తారమగుట - ఇవియే యా దోషములు.

నీరు ఊరుటను మొదట జెప్పుట యెంతయు తగియున్నది. ఊరు నీరు తేటగా నున్న కొంత యోర్చుకొనవచ్చును. బురదగా నున్నచో కట్టలోని మన్ను కొట్టుకొనిపోవుచున్నదని గ్రహింపవలెను. ఎలుకబొరియ, పీతకన్నము, ఎండి కుళ్ళిన చెట్టువేరు, తూముప్రక్కని సందు - వీనిలో నేదైనను గండికి మొదలు కావచ్చును.

కట్టించుటతో పని ముగియదు. రాయలసీమలో చెరువుల బాగోగులు చూచువారికి దశబంధ మాన్యములొసగు నాచారముండెను. మాన్యమనుభవించి పని మానినచో చెరువు చెడక మానదు. కుంపిణీవారి కాలమున పుట్టిన 1858 నాటి మద్రాసు చట్టమును, గండిపడు నాపదలో గ్రామస్థులు పనికి రావలెననియు, వాడుకగా జరుగు మరమ్మతును చేయవలెననియు విధించెను.

అలుగు విషయమున మరింత మెలకువ వలయును. జానెడు నీరెక్కువ నిలుచునను నాశతో అలుగుపై ఇసుకబస్తాలు పేర్చుట కొన్నియెడల గలదు. రాతి అలుగుమీద నీరు పొర్లిన హానిలేదు. మట్టికట్టమీద పొర్లినచో కట్ట నిలువదు. 2021 నవంబరు 19న అదే కడపసీమలో, చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయమునకు వరద పోటెత్తగా మట్టికట్ట తెగి, దిగువ గ్రామములు మునిగి, పలువురు ప్రాణములు గోల్పోయిరి. అది పెద్ద జలాశయము. కాని మట్టిగుణము చిన్న చెరువునందును అదియే.

కావున వానలకు ముందే కట్టపై మొలకలు పెరికి, బొరియలు త్రవ్వి తడిమట్టితో దిమ్మిసకొట్టి పూడ్చి, తూమును పరీక్షించి, అలుగును, దాని దిగువ కాలువను అడ్డులేకుండ నుంచవలెను. ఆయకట్టుదారులు మాత్రమే గాక, కట్టక్రింద నిల్లున్న ప్రతివాడును ఆ పనికి రాదగినవాడే.