పోస్ట్‌డాక్ వెతుకులాట థీసిస్ ఇవ్వకముందే మొదలవ్వాలి

‘పిహెచ్‌డీ కూడా అయిపోయింది, ఇంకా చదువేనా?’ అని చాలా ఇళ్లల్లో అమ్మీ, అబ్బా అడుగుతుంటారు. పోస్ట్‌డాక్ అంటే ఇంకో డిగ్రీ కాదు. ఒక సీనియర్ శాస్త్రవేత్త ల్యాబ్‌లో రెండు మూడేళ్లు జీతం మీదో, ఫెలోషిప్ మీదో చేసే పరిశోధన. బయాలజీ, బయోఇన్‌ఫర్మాటిక్స్ వంటి రంగాల్లో సైంటిస్టుగానో, ప్రొఫెసర్‌గానో స్థిరపడాలనుకునే వాళ్లలో ఎక్కువమంది ఈ మెట్టు ఎక్కాల్సిందే.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

చాలా ఫెలోషిప్‌లకు పిహెచ్‌డీ వచ్చిన తేదీ నుంచే లెక్క. జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్‌కు, అమెరికా వెళ్లే ఫుల్‌బ్రైట్-నెహ్రూ పోస్ట్‌డాక్‌కు పిహెచ్‌డీ అయి 4 ఏళ్లు దాటకూడదు. యూరప్‌లోని ఎంబో ఫెలోషిప్‌కు ఆ గడువు 2 ఏళ్లే. అందుకే ‘పట్టా చేతికొచ్చాక చూద్దాంలే’ అనుకుంటే నష్టం. థీసిస్ ఇవ్వడానికి ఏడాది ముందే వెతకడం మొదలుపెట్టాలి.

మన దేశంలో

కేంద్రం ఇచ్చే నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్లు ఉంటుంది. వయసు 35 దాటకూడదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 5 ఏళ్ల సడలింపు ఉంది. పెళ్లి, పిల్లల వల్ల ఆగిపోయిన ఆడపిల్లలకు ఇది మంచి దారి. ఒక మాట గుర్తుంచుకోవాలి: రాష్ట్రం ఇచ్చిన బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఇక్కడ ఓబీసీ సడలింపు రాదు. ఆ వర్గం పేరు కేంద్ర జాబితాలో కూడా ఉండాలి. డీబీటీ, సీఎస్‌ఐఆర్ రీసెర్చ్ అసోసియేట్ అవకాశాలు కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి.

ప్రకటన కోసం ఆగొద్దు

ప్రకటనలు నేచర్ కెరీర్స్, యూరాక్సెస్ సైట్లలో వస్తాయి. కానీ ప్రకటన లేకుండా, నేరుగా రాసిన ఈమెయిల్‌తో దొరికే అవకాశాలు కూడా చాలానే. మెయిల్ ఒక పేజీకి మించొద్దు. ఆ ల్యాబ్ ఈమధ్య వేసిన పేపర్ ఏది చదివారో, దాని తర్వాత తాము ఏం చేయగలరో రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. ‘రెస్పెక్టెడ్ సర్’ అని ఒకే మెయిల్ వందమందికి పంపితే ఎవరూ చూడరు. కంప్యూటేషనల్ వైపు వాళ్లు తాము రాసిన కోడ్ గిట్‌హబ్‌లో పెట్టి లింక్ ఇస్తే, మాటల కన్నా అదే బలమైన సాక్ష్యం. సిఫారసు లేఖలు ఇచ్చే ముగ్గురితో ముందే మాట్లాడుకోవాలి.

ఒప్పుకునే ముందు

ఇంటర్వ్యూ తర్వాత ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న వాళ్లతో, వదిలి వెళ్లిన వాళ్లతో విడిగా మాట్లాడడం మంచిది. జీతం ఎన్నేళ్లు గ్యారంటీ, ఇన్సూరెన్స్ కుటుంబానికీ వర్తిస్తుందా అని అడగడంలో తప్పు లేదు. అమెరికాకు జె-1 వీసాపై వెళ్తే భార్య లేదా భర్త జె-2 వీసాపై వెళ్లి, పని చేయడానికి అనుమతి కోరవచ్చు.

పోస్ట్‌డాక్ ఇప్పిస్తామని ఏజెంట్లు డబ్బు అడిగితే ఇవ్వొద్దు. నిజమైన ల్యాబ్ జీతం ఇస్తుందే గానీ, సీటుకు ఫీజు తీసుకోదు.