వల వేసి ఉంటే ఓడే తప్పుకోవాలా? హార్బర్‌లో దారి ఎవరిదంటే..

శ్రీముఖలింగం పక్కగా పారే వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడలు వచ్చిపోయిన రేవు అది. ఇప్పుడు లైట్‌హౌస్ ఉంది, సరుకు ఓడలే లేవు. అందుకే శ్రీకాకుళం తీరంలోని చాలామంది సరంగులు, కలాసీలకు భారీ ఓడ ఎదురుపడేది విశాఖ వెళ్లాకే. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన పోర్టు నడవడం మొదలైతే ఆ ఓడలు మన జిల్లాకే వస్తాయి. మీ ఇంట్లో వేటకు వెళ్లేవాళ్లు ఉన్నా, విశాఖలో సరదాగా బోటెక్కే అలవాటు మీకున్నా ఈ నియమాలు తెలుసుకోండి.

దారి ఎవరిది?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సముద్రం మధ్యలో వల వేసి ఉన్న బోటుకు ఇంజిన్ ఓడ దారి ఇవ్వాలి. ఇది నిజమే. కానీ ఓడలు వచ్చిపోయే ఇరుకు ఛానల్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ వేట బోటు ఏ ఓడకూ అడ్డుగా ఉండకూడదు. 20 మీటర్ల లోపు పొడవున్న పడవలు, ఛానల్ దాటితే లోతు చాలని పెద్ద ఓడకు అడ్డం రాకూడదు. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోని తొమ్మిదో నియమం ఇదే చెబుతుంది. ఛానల్‌లో వెళ్తున్నంతసేపు కుడి అంచునే పట్టుకుని వెళ్లాలి. తప్పనిసరి అయితే తప్ప అక్కడ లంగరు వేయకూడదు.

ఇందులో పెద్దవాళ్లకు పెద్దపీట వేయడం ఏమీ లేదు. విశాఖ ఇన్నర్ హార్బర్‌కు ఓడ వెళ్లాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు దారిలోంచే పోవాలి. సరుకుతో ఉన్న ఓడ బ్రేకు వేసిన బస్సులా ఆగదు. పక్కకు తిప్పితే లోతు చాలక నేలను తాకుతుంది. పైగా మీరు దగ్గరగా ఉంటే ఓడ నడిపేవారికి కనిపించకపోవచ్చు. ఓడ ముక్కుకు ముందు రెండు ఓడ పొడవులు లేదా 500 మీటర్లు, ఏది తక్కువైతే అంతమేర నీళ్లు కనిపించకపోయినా అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకుంటాయి. 200 మీటర్ల ఓడకైతే అది 400 మీటర్లు. ‘మనల్ని చూసే ఉంటాడులే’ అనుకోవడానికి వీల్లేదన్నమాట.

ఢీకొంటామని ముందే ఎలా తెలుస్తుంది?

బోటు అంచునో, ఒక కొయ్యనో గుర్తుగా పెట్టుకుని ఓడను చూడండి. మీ బోటు దిశ మారకుండా ఉన్నప్పుడు, ఓడ పెద్దదవుతూ అదే గుర్తు దగ్గర నిలిచిపోయినట్టు కనిపిస్తే రెండూ ఒకే చోట కలవబోతున్నాయని అర్థం. అది ముందుకో వెనక్కో జరుగుతుంటే ముప్పు తక్కువ. అయినా మరీ దగ్గరగా ఉంటే ఈ లెక్కను నమ్ముకోవద్దు.

రాత్రి దీపాలే చెబుతాయి. ఓడకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ. ఒక్క రంగే కనిపిస్తే దాని పక్క చూస్తున్నట్టు. రెండూ కలిసి కనిపిస్తూ, పైనున్న తెల్ల దీపాలు ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉంటే అది మీ మీదికే వస్తోంది. ఎదురెదురుగా వచ్చే రెండు ఇంజిన్ పడవలూ కుడివైపుకే తిరగాలి. ఐదు పొట్టి కూతలు వినిపిస్తే ‘నువ్వేం చేస్తున్నావో అర్థం కావడం లేదు’ అని ఓడ అడుగుతున్నట్టు.

మన దేశంలో సముద్రం నుంచి లోపలికి వస్తుంటే ఎర్ర బోయ్‌లు ఎడమన, ఆకుపచ్చవి కుడిన ఉంటాయి. అమెరికాలో దీనికి రివర్స్. అక్కడి ఓడల్లో పనిచేసి వచ్చిన బంధువు చెప్పాడని తికమకపడొద్దు.

పైలట్ ఉండగా ప్రమాదాలెందుకు?

విశాఖలాంటి పెద్ద పోర్టులో ఓడ కెప్టెన్ ఒక్కడే లోపలికి రాడు. అక్కడి నీళ్ల పోకడ తెలిసిన పోర్టు పైలట్ ఎక్కుతాడు, టగ్‌లు పట్టి నడిపిస్తాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో 2024 మార్చి 26న ‘డాలీ’ ఓడలో స్థానిక పైలట్లు ఉన్నారు. టగ్‌లు వదిలి వెళ్లిపోయాక కరెంటు పోయింది. ఓడ వంతెనను ఢీకొంది, ఆరుగురు చనిపోయారు. లంగరు వేసి ఉన్న ఓడను కూడా పూర్తిగా నమ్మలేం. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ బంగ్లాదేశ్ ఓడ ‘ఎంవీ మా’ లంగరు జారి తెన్నేటి పార్కు ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

సందర్శకుల బోటెక్కేటప్పుడు

ముంబై హార్బర్‌లో 2024 డిసెంబరు 18న నౌకాదళ స్పీడ్‌బోటు ఒకటి ఎలిఫెంటా వెళ్లే ఫెర్రీని ఢీకొంది. 15 మంది చనిపోయారు. ఫెర్రీలో పరిమితికి మించి జనం ఉన్నారు. మీరు బోటెక్కేటప్పుడు ఎంతమందికి అనుమతి ఉందో అడగండి. లైఫ్ జాకెట్ చేతికిస్తే పక్కన పెట్టుకోకండి, తొడుక్కుని బకిల్స్ పెట్టుకోండి. ఫొటోలో బాగోదని విప్పేసేవాళ్లే ఎక్కువ.

వేటకు వెళ్లే ఇంట్లో వీహెచ్‌ఎఫ్ సెట్ ఉంటే 16వ ఛానల్ తెరిచే ఉంచమనండి. ఆపదలో పిలిచేదీ, ఓడ మిమ్మల్ని పిలిచేదీ దాని మీదే. ఫోన్ సిగ్నల్ అందే చోట కోస్ట్ గార్డ్ నంబరు 1554, తీర భద్రతకు మెరైన్ పోలీసు నంబరు 1093. ఈ రెండూ ఇంట్లో ఉండేవారి ఫోన్లో కూడా సేవ్ అయి ఉండాలి. బోటు చెప్పిన వేళకు తిరిగి రాకపోతే ముందుగా ఫోన్ చేయాల్సింది వాళ్లే.