ఇంటర్నెట్ టెలిఫోన్ వ్యవస్థ: వ్యాపార సంస్థల్లో ఎంపిక

మాటను ప్రత్యేకమైన టెలిఫోన్ తీగల మీద కాక కంప్యూటర్ల సమాచారం నడిచే ఇంటర్నెట్ మార్గంలోనే పంపుతూ, సంస్థ లోపలి ఎక్స్‌టెన్షన్లను బయటి ఫోన్ నంబర్లతో కలిపే ఏర్పాటును ఇంటర్నెట్ టెలిఫోన్ వ్యవస్థ అంటారు. వాడుకలో దీనికి వీఓఐపీ అన్న పేరు స్థిరపడింది. పూర్వం కార్యాలయ ఆవరణలో ఈపీఏబీఎక్స్ అనే చిన్న ఎక్స్ఛేంజి ఉండి, వచ్చిన కాల్‌ను ఆయా విభాగాలకు మళ్లించేది. ఇప్పుడు ఆ పనిని సాఫ్ట్‌వేర్ చేస్తుంది, అది సంస్థ సొంత సర్వర్‌లో ఉండవచ్చు, వేరే ఊళ్లోని డేటా సెంటర్‌లోనూ ఉండవచ్చు. అమ్మకందారుల కరపత్రాల్లోని సదుపాయాల పట్టికలు ఒకదానికొకటి నకళ్లలా ఉంటాయి కనుక వాటిని పోల్చి ఎంచుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ. వ్యవస్థల మధ్య అసలు తేడా లైన్ల లెక్కలోనూ, ఇంటర్నెట్ నాణ్యతలోనూ, భారతదేశానికి సంబంధించినంతవరకు టెలికాం నిబంధనలలోనూ బయటపడుతుంది.

పుట్టుక

ఇంటర్నెట్ ద్వారా మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్‌ను ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ 1995లో మార్కెట్‌లోకి తెచ్చినా, వ్యాపార సంస్థలకు దారి వేసినవి 1999లో జరిగిన రెండు పరిణామాలు. కాల్‌ను మొదలుపెట్టి, కలిపి, ముగించే సంకేతాల పద్ధతి అయిన సిప్ ఆ ఏడాది ప్రమాణంగా వెలువడింది. అదే ఏడాది అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి, తన చిన్న కంపెనీకి ఈపీఏబీఎక్స్ కొనే స్తోమత లేక, దాని పని చేసే ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను తానే రాసి అందరికీ ఉచితంగా విడుదల చేశాడు. నేడు తక్కువ ధరకు దొరికే ఐపీ ఎక్స్ఛేంజీలలో ఎన్నో దాని మీద కట్టినవే.

పనితీరు

జీ.711 అనే పాత ప్రమాణం ప్రకారం గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తారు కనుక మాటకు సెకనుకు 64 కిలోబిట్లు కావాలి. ఆ మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ చిరునామా వివరాలు తగిలించి ప్యాకెట్‌గా పంపుతారు. 160 బైట్ల మాటకు 40 బైట్ల చిరునామా తోడవడంతో ఒక కాల్‌కు ఒక్కో దిశలో సుమారు 80 కిలోబిట్లు ఖర్చవుతాయి. మాటను కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. జీ.729 అనే కోడెక్ వాడితే ఈ ఖర్చు 24 కిలోబిట్లకు దిగుతుంది గాని, స్వరం కొంత పలచబడుతుంది.

కాల్‌ను కలిపే సంకేతాలు సిప్ ద్వారా ఒక దారిన, మాట ప్యాకెట్లు ఆర్‌టీపీ అనే మరో పద్ధతిలో వేరే దారిన పోతాయన్నది గమనించదగిన విషయం. ఫోన్ మోగి, ఎత్తాక ఒకవైపు మాత్రమే మాట వినిపించడమనే అతి సాధారణ ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది: రౌటర్ సంకేతాలను దాటనిచ్చి, మాటను ఆపేస్తుంది. రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఈ ఇబ్బందిని తీర్చడానికే పెట్టినదైనా, ఆచరణలో అదే ఇబ్బందికి కారణమవుతుండడంతో దాన్ని ఆపివేయమని సేవాసంస్థలు తరచు సూచిస్తాయి.

లైన్ల లెక్క

ఎంపికలో మొదటి ప్రశ్న ఉద్యోగులెందరన్నది కాదు, ఒకే సమయంలో ఎన్ని కాల్స్ నడుస్తాయన్నది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ప్రకటించిన సూత్రం ఈ లెక్కకు నేటికీ ఆధారం. రోజు మొత్తంలో అత్యంత రద్దీ గంటలో వచ్చిపోయే కాల్స్ మొత్తం నిమిషాలను 60తో భాగిస్తే వచ్చే కొలతను ఆయన పేరుతోనే ఎర్లాంగ్ అంటారు. ఒక ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల విభాగానికి ఉదయం ఒక గంటలో 60 కాల్స్ వచ్చి, ఒక్కొక్కటి సగటున 5 నిమిషాలు సాగితే, అది 5 ఎర్లాంగ్‌ల రద్దీ. సగటున ఐదు లైన్లే నిండుతాయి గదా అని ఐదే తీసుకుంటే, కాల్స్ సమానంగా కాక గుంపులుగా వస్తాయి కనుక పావువంతుకు పైగా కాల్స్‌కు ఎంగేజ్ పలుకుతుంది. అలా తిరిగిపోయేవి నూటికి ఒకటికి మించకూడదంటే 11 లైన్లు కావాలి. రద్దీ రెట్టింపై 10 ఎర్లాంగ్‌లకు చేరితే మాత్రం 22 కాదు, 18 చాలు. పెద్ద కార్యాలయానికి లైన్ల ఖర్చు దామాషాలో తగ్గడానికి కారణమిదే.

పాత పీఆర్‌ఐ కనెక్షన్ 30 లైన్ల మోపుగా వచ్చేది. సిప్ ట్రంక్, అంటే టెలికాం సంస్థ ఎక్స్ఛేంజి నుంచి సంస్థ ఎక్స్ఛేంజికి ఐపీ మార్గంలో వచ్చే లైన్ల కట్ట, అవసరానికి తగిన సంఖ్యలో తీసుకునే వీలునిస్తుంది.

నెట్‌వర్క్, విద్యుత్తు

పై ఉదాహరణలోని 11 లైన్లకు ఒక్కో దిశలో ఒక మెగాబిట్ కూడా నిండదు. నేటి ఫైబర్ కనెక్షన్లకు అది లెక్కలోనిది కాదు. ఇబ్బంది వేగంతో కాదు, నిలకడతో. అంతర్జాతీయ టెలికాం యూనియన్ సిఫార్సు ప్రకారం మాట ఒకరి నోటి నుంచి మరొకరి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపే పట్టాలి. అంతకు మించే కొద్దీ ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడతారు. ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులను జిట్టర్ అంటారు. పక్క గదిలో ఎవరో సీసీ కెమెరా దృశ్యాలను క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెడితే జిట్టర్ పెరిగి మాట తెగిపోతుంది. అందుకే మాట ప్యాకెట్లకు ముందుగా దారి ఇచ్చే ఏర్పాటు రౌటర్‌లోనూ స్విచ్‌లోనూ ఉందో లేదో చూడటం, ఫోన్ల మోడల్ చూడటం కన్నా ముఖ్యం.

పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల విద్యుత్తు తీగ వెంట వచ్చేది కాబట్టి కరెంటు పోయినా ఫోన్ పలికేది. ఐపీ ఫోన్‌కు ఆ భాగ్యం లేదు. నెట్‌వర్క్ తీగ ద్వారానే ఫోన్లకు విద్యుత్తు అందించే పీఓఈ స్విచ్‌ను, రౌటర్‌ను, ఫైబర్ పెట్టెను మూడింటినీ యూపీఎస్‌కు కలపాలి. ఏ ఒక్కటి మరచినా మిగిలిన రెండూ వృథా.

భారతదేశంలో నిబంధనలు

భారతదేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీని 2002 ఏప్రిల్ 1 నుంచి పరిమితంగా అనుమతించారు. దేశంలోని మామూలు ఫోన్ నంబర్లతో దాన్ని కలపడానికి అప్పట్లో వీలు లేదు. 2018 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు షరతులను సవరించాక ఆ దారి తెరచుకొని, అదే ఏడాది బీఎస్‌ఎన్‌ఎల్ వింగ్స్ పేరుతో సేవను ప్రకటించింది. కాల్ సెంటర్ల నమోదు నిబంధనలు 2020 నవంబరులోనూ, 2021 జూన్‌లోనూ సడలాయి. రెండోసారి సడలింపుతో కాల్ సెంటర్ ఈపీఏబీఎక్స్ ప్రపంచంలో ఎక్కడైనా ఉండవచ్చు.

అయినా టోల్ బైపాస్ నేరంగానే మిగిలింది. హైదరాబాద్ శాఖకు మామూలు ఫోన్ నుంచి వచ్చిన కాల్‌ను సంస్థ తన ఇంటర్నెట్ మార్గంలో ముంబై శాఖకు చేర్చి, అక్కడి స్థానిక లైన్ ద్వారా మరో మామూలు ఫోన్‌కు కలిపితే, లైసెన్సు గల దూరవాణి సంస్థకు రావలసిన ఆదాయాన్ని తప్పించినట్లవుతుంది. విదేశీ తయారీ వ్యవస్థల్లో ఇలాంటి మళ్లింపు మామూలు సదుపాయంగానే ఉంటుంది కనుక, దాన్ని అడ్డుకునే అమరిక ఉందా అని కొనేముందే అడగాలి. ప్రచార కాల్స్‌కు 140 శ్రేణి నంబర్లనే వాడాలి. నమోదు లేకుండా ప్రచార కాల్స్ చేసేవారి లైన్లన్నీ తొలగించి, వారిని రెండేళ్ల వరకు నిషేధిత జాబితాలో ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఆగస్టులో ఆదేశించడంతో, ఒక విభాగం అత్యుత్సాహం మొత్తం కార్యాలయం ఫోన్లకు చేటు తేగలదు.

ఎక్స్ఛేంజి ఎక్కడ, నంబరు ఎవరిది

సొంత సర్వర్‌కు మొదట పెట్టుబడి, తర్వాత చూసుకునే మనిషి అవసరం. క్లౌడ్ సేవకు నెలవారీ అద్దె చాలు. ఈ రంగంలో హైదరాబాద్‌కు చెందిన ఓజోన్‌టెల్, బెంగళూరుకు చెందిన ఎక్సోటెల్ వంటి దేశీయ సంస్థలున్నాయి. పది పదిహేను మంది ఉన్న కార్యాలయానికి క్లౌడ్ నయం. వందల ఎక్స్‌టెన్షన్లుండి, లోపలి సంభాషణే ఎక్కువగా ఉండే కర్మాగారానికి సొంత సర్వర్ మేలు, ఎందుకంటే ఇంటర్నెట్ తెగినా గేటు నుంచి స్టోరుకు కాల్ పోతుంది.

మొబైల్ నంబరును మార్చకుండా కంపెనీ మారే సదుపాయం దేశమంతటా 2011 జనవరిలో వచ్చినా, ల్యాండ్‌లైన్ నంబర్లకు అది వర్తించలేదు. దుకాణం బోర్డు మీద, బిల్లుల మీద ఏళ్లుగా అచ్చయిన నంబరు, సేవాసంస్థను మార్చిన రోజున పోవచ్చు. క్లౌడ్ సంస్థ ఇచ్చే నంబరు సాధారణంగా వేరొక టెలికాం సంస్థ కేటాయించినది కావడంతో, అది ఎవరి పేరున నమోదైందో ఒప్పందంలో రాయించుకోవడం అవసరం.

భద్రతకు సంబంధించి ప్రధాన ప్రమాదం దొంగ కాల్స్. తేలికైన పాస్‌వర్డ్ ఉన్న ఎక్స్‌టెన్షన్‌ను దూరం నుంచి చేజిక్కించుకున్నవారు సెలవు రాత్రుల్లో ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ చేస్తారు, బిల్లు సంస్థ మీద పడుతుంది. అవసరం లేని ఎక్స్‌టెన్షన్లకు ఐఎస్‌డీని మూసివేయడం, రోజువారీ ఖర్చుకు పరిమితి విధించడం అనే రెండు అమరికలు లేని వ్యవస్థను, ధర ఎంత తక్కువైనా, తీసుకోకపోవడం మంచిది.