పరీక్షకే పరీక్ష: పాదవైద్యం నుంచి పల్నాడు దాకా



నా దగ్గర చదువుకున్న ఒక శిష్యుని కుమార్తె అమెరికాలో పాదవైద్యం చదువుతున్నది. ఆమె వ్రాయవలసిన బోర్డు పరీక్ష కష్టమా, సులువా అని వారి ఇంట్లో పెద్ద వాదమే నడిచిందట. వ్రాసినవారిలో ఎక్కువమంది మొదటిసారికే గట్టెక్కుతున్నారు గనుక సులువే అని ఒకరి మాట. కాలి ఎముకల పేర్లు కంఠస్థం చేయడానికే ఏళ్ళు పడుతుంటే సులువెలా అవుతుందని మరొకరి మాట. తీర్పు చెప్పమని నన్నడిగారు. వైద్యం నా శాస్త్రం కాదు. ఐతే ప్రశ్నపత్రాలు కూర్చడం, జవాబులు దిద్దడం, తప్పినవాళ్ళ ముఖాలు చూడటం జన్మంతా చేసిన పని. అందుచేత ఆ ప్రశ్నను వదిలిపెట్టలేక, వైద్యపరీక్షల చరిత్రను తిరగవేశాను. ఆ తిరగవేతలో తేలిన నాలుగు మాటలు మీ ముందుంచుతున్నాను.

ముందుగా పాదవైద్యం సంగతి. అమెరికాలో దీనిని పోడియాట్రీ అంటారు. పూర్వం దాని పేరు కైరోపొడి. ఆనెకాయలు కోయడం, గోళ్ళు సవరించడం వంటి పనులతో మొదలైన వృత్తి అది. 1911లో న్యూయార్కులో మారిస్ లెవీ అనే వైద్యుడు దానికొక పాఠశాల పెట్టాడు. 1912లో దేశవ్యాప్త సంఘం ఏర్పడింది. 1956లో జాతీయ పరీక్షామండలి వెలసింది. నేడది మామూలు వైద్యానికి భిన్నమైన, స్వతంత్రమైన పట్టా. డిగ్రీ తరువాత నాలుగేళ్ళ చదువు, ఆపైన మూడేళ్ళ ఆసుపత్రి శిక్షణ. మన దేశంలో ఎం.బి.బి.ఎస్. చదివినవారైనా అక్కడ పాదవైద్యుడు అనిపించుకోవాలంటే ఆ కళాశాలలోనే చేరి చదవాలి. అటువంటి కళాశాలలు ఆ దేశం మొత్తం మీద డజనుకు లోపే. పరీక్ష మూడు అంచెలు. రెండేళ్ళ చదువు ముగిశాక మూలశాస్త్రాల మీద మొదటిది, చివరి సంవత్సరంలో రోగచికిత్సల మీద రెండవది, లైసెన్సు కోసం మూడవది. ఒక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు. వాటిని కట్టి ఉంచే బంధనాలు, కదిలించే కండరాలు, నడిపించే నాడులు అన్నీ కలిసి మొదటి అంచెలో పెద్ద భాగం ఆక్రమిస్తాయి. మధుమేహం పెరుగుతున్న ఈ కాలంలో ఒక చిన్న పుండును సకాలంలో గుర్తించలేని వైద్యుని వల్ల రోగి కాలే పోవచ్చు. కాబట్టి ఆ పరీక్ష ఉత్త లాంఛనం కాదు.

పాదవ్యాధులు మన ప్రాచీనులకు తెలియనివి కావు. సుశ్రుతుడు క్షుద్రరోగాలలో 'కదరం' అన్నది మన ఆనెకాయ. 'పాదదారి' కాలి పగుళ్ళు. 'అలసం' బురదలో నాని వేళ్ళసందులు ఒరిసిపోవడం. వరిమళ్ళలో నాట్లు వేసినవారికి దానిని వివరించనక్కరలేదు. 'శ్లీపదం' బోదకాలు. మన పల్నాటి నేల సంగతి మీకు చెప్పాలా! ఇక్కడి రాళ్ళను ఈసడించిన చాటువులు శ్రీనాథుని పేర లోకంలో చెలామణిలో ఉండనే ఉన్నాయి. ఆ రాళ్ళ మీద చెప్పులు లేకుండా తరతరాలు నడిచినవాళ్ళం మనం.

ఇంతకూ సుశ్రుతుడు పరీక్షను గురించి చెప్పినది గమనించదగినది. శస్త్రం పట్టదలచినవాడు ముందు గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయల మీద కోత అభ్యసించాలి. కలువకాడల మీద సిరావేధం, గుడ్డ మీద కుట్లు, బొమ్మ మీద కట్లు నేర్వాలి. గ్రంథం మాత్రమే తెలిసినవాడూ, చేతిపని మాత్రమే తెలిసినవాడూ ఒంటిరెక్క పక్షులని ఆయన అభిప్రాయం. ఈ రెండూ సాధించిన తరువాత కూడా రాజానుజ్ఞ పొందిన పిమ్మటనే వీధిలోకి వైద్యానికి వెళ్ళాలన్నాడు. ఈనాటి లైసెన్సుకు మూలభావన అదే. జీవకుని కథ బౌద్ధవాఙ్మయంలో ప్రసిద్ధం. తక్షశిలలో ఏడేళ్ళ చదువయ్యాక గురువు అతనికి పార ఇచ్చి, చుట్టూ యోజనం మేర తిరిగి ఔషధం కాని మొక్కను వెదకి తెమ్మన్నాడు. ఒక్కటీ దొరకలేదని జీవకుడు రిక్తహస్తాలతో తిరిగివచ్చాడు. ఉత్తీర్ణుడయ్యాడు! ఆ పరీక్షలో ఉత్తీర్ణతా శాతం ఎంత అని అడిగితే ఏమి చెబుతాం? మన మాచర్ల పక్కనున్న నాగార్జునకొండ విహారాల్లో జ్వరపీడితులకు వేరుగా వసతి ఉండేదని, అక్కడి శాసనశకలంలోని 'విగతజ్వరాలయ' అన్న మాటను బట్టి పండితులు చెబుతారు. అక్కడ సేవచేసిన భిక్షువులను ఎవరు, ఎలా పరీక్షించారో ఇప్పుడా కృష్ణా జలాలనే అడగాలి.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. వైద్యపరీక్షకు సంబంధించి ప్రతి తెలుగువాడూ తెలుసుకోవలసిన కథ యల్లాప్రగడ సుబ్బారావు గారిది. 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని దాటలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది గిట్టలేదు. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, అంతకంటె చిన్నదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. 1923లో అమెరికా చేరితే ఆ చిన్న పట్టాతో ఆసుపత్రిలో వైద్యుని కొలువు దొరకలేదు. రాత్రిపూట ఆసుపత్రిలో కూలిపని చేసుకుంటూ హార్వర్డులో చదివి, 1930లో పిహెచ్.డి. పొందారు. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన, ఆయన సహచరులు కనుగొన్న ఔషధాలలో ఒకటి 1947లో వెలువడిన డైఈథైల్ కార్బమజైన్. అది దేనికి మందో తెలుసునా? మన శ్లీపదానికి, అంటే బోదకాలుకు. కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి ఆరోగ్య కార్యకర్తలు మింగించే బిళ్ళ అదే.

శస్త్రచికిత్స పరీక్షలో తక్కువగా తూచబడిన మనిషి, లోకంలో కోట్లమంది కాళ్ళకు మేలు చేశాడు. దీనినిబట్టి పరీక్షలు వ్యర్థమని నేను అనడం లేదు. అలా అంటే జీతం తిని వృత్తిని నిందించినట్లవుతుంది. ఆనాడు తూచినది సుబ్బారావుగారి చేతిని కాదు, ఆయన ఒంటి మీది బట్టను. తూచేవాడి దృష్టి వంకరగా ఉన్నప్పుడు ఎంత సులువైన పరీక్షయినా దాటశక్యం కానిదే.

ఆ వంకరను సవరించడానికే తరువాతి తరం పరీక్షలు పుట్టాయనవచ్చు. అమెరికాలో 1915లో జాతీయ వైద్యపరీక్షామండలి ఏర్పడి, 1916లో వాషింగ్టనులో తొలి పరీక్ష పెట్టింది. వారం రోజులపాటు వ్రాతపరీక్షలు, నోటిపరీక్షలు, రోగుల దగ్గర పరీక్షలు. కూర్చున్నది పదిమంది, గెలిచింది ఐదుగురు. 1950ల నుంచి నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టే పద్ధతి వచ్చింది. యంత్రానికి ఖద్దరు తెలియదు, కులం తెలియదు, యాస తెలియదు. అది గొప్ప లాభం. కాని యంత్రానికి చేతివాటమూ తెలియదు. సుశ్రుతుడు చెప్పిన రెండు రెక్కలలో ఒకదానినే అది తూచగలదు. రోగితో మాటతీరు, చేతితీరు చూడటానికని 2004లో అమెరికా వైద్యపరీక్షలో ఒక అంచె చేర్చారు. కరోనా కాలంలో 2020లో దానిని ఆపి, 2021లో ఏకంగా ఎత్తివేశారు.

మన తెలుగు వైద్యులకు ఈ చరిత్రతో గాఢమైన సంబంధం ఉంది. విదేశీ పట్టాదారులకు అమెరికా 1958లో ఇ.సి.ఎఫ్.ఎం.జి. పరీక్ష మొదలుపెట్టింది. వైద్యశాస్త్రంతోపాటు ఇంగ్లీషునూ పరీక్షించేది. 1965 నాటి వలసచట్టంతో తలుపులు తెరుచుకొని, గుంటూరు, విశాఖ, ఉస్మానియా కళాశాలల పట్టభద్రులు పెద్దసంఖ్యలో వెళ్ళారు. 1976 చట్టంతో తలుపు బిగుసుకొని, మరుసటేడు నుంచి వి.క్యు.ఇ. అనే రెండురోజుల కఠిన పరీక్ష వచ్చింది. 1984లో దాని స్థానంలో మరొకటి, 1992లో ఇప్పటి మూడంచెల యు.ఎస్.ఎం.ఎల్.ఇ. వచ్చాయి. స్వదేశంలో పరీక్షాకేంద్రాలు లేని రోజుల్లో కొలంబోకో, సింగపూరుకో అప్పుచేసి వెళ్ళి వ్రాసి వచ్చినవారున్నారు. ఒకే ప్రశ్నపత్రమే. ఒకడు సొంత ఊళ్ళో భోంచేసి వచ్చి వ్రాశాడు, మరొకడు సముద్రం దాటివచ్చి వ్రాశాడు. ఇద్దరి కష్టమూ ఒకటేనని ఏ శాతం చెప్పగలదు?

శాతాల సంగతి ఇంకొంచెం విచారిద్దాం. అసలు పరీక్షలు రెండు జాతులు. ఒకటి అర్హత పరీక్ష. గీత ముందే గీసి ఉంటుంది, దాటినవారందరూ ఉత్తీర్ణులే. రెండవది ఎంపిక పరీక్ష. అందులో గీతంటూ ఉండదు, ఉన్నవి కుర్చీలు. పాదవైద్యపు బోర్డు మొదటి జాతి. మన నీట్ రెండవ జాతి. 2025లో నీట్ వ్రాసినవారు 22 లక్షల పైచిలుకు. అర్హులన్నవారు 12 లక్షల పైచిలుకు. దేశంలో ఎం.బి.బి.ఎస్. సీట్లు చూస్తే సుమారు 1.2 లక్షలు. సగానికి పైగా 'ఉత్తీర్ణులు' ఐన ఈ పరీక్షను సులువనగలమా? ఆ సగం లెక్క, వ్రాసినవారిలో ఇన్నో వంతు పైన ఉండాలన్న నియమం వల్ల వచ్చినదే గాని, ప్రశ్నల సులువు వల్ల వచ్చినది కాదు.

విదేశాల్లో చదివి వచ్చినవారికి మన దేశం 2002లో పెట్టిన పరీక్ష అర్హత జాతిది. 300 ప్రశ్నలు, 150 వస్తే చాలు, తప్పు జవాబుకు కోత కూడా లేదు. ఐనా చాలా విడతల్లో గట్టెక్కినవారు ఐదింట ఒక వంతు చుట్టుపక్కలే. అమెరికా పరీక్ష మొదటి అంచెలో ఇటీవలి సంవత్సరాల్లో అక్కడి ఎం.డి. కళాశాలలవారు తొలిప్రయత్నంలో పదింట తొమ్మిదిమంది దాటుతుంటే, విదేశాలలో చదివినవారు ఏడుగురే దాటుతున్నారు. పత్రం ఒకటే, నడిచి వచ్చిన దారులు వేరు. కాబట్టి ఉత్తీర్ణతా శాతం పరీక్షను గురించి చెప్పేదానికంటె, పరీక్షకు కూర్చున్నవారిని గురించే ఎక్కువ చెబుతుంది. పాదవైద్య పరీక్షలో ఎక్కువమంది గెలవడానికి కారణం, అక్కడికి చేరేలోపలే అనేక జల్లెడలు పట్టి ఉండటం.

ఈ మాట మన ప్రాంతానికి అన్వయించి చూడండి. 1923లో విశాఖలో వైద్య కళాశాల ఏర్పడేదాకా తెలుగువాడు ఎం.బి.బి.ఎస్. కోసం మద్రాసు వంటి దూరప్రాంతాలకు వెళ్ళవలసిందే. గుంటూరు కళాశాల 1946లో వచ్చింది. నకరికల్లు దగ్గరి కండ్లగుంటలో 1947లో పుట్టిన కోడెల శివప్రసాదరావు గారు గుంటూరులో వైద్యపట్టా, వారణాసిలో శస్త్రచికిత్స పట్టా పొంది నరసరావుపేటలో వైద్యులుగా స్థిరపడ్డారు. రాజకీయాల మాట వేరు. కాని కళాశాల దగ్గరకు వస్తే పల్లెటూరి బిడ్డ ఎంతదూరం వెళ్ళగలడో అది చూపుతుంది. 1986లో ఎంసెట్, 2017 నుంచి మన రాష్ట్రంలో నీట్. ఈ మధ్యలో శిక్షణాలయాలు, హాస్టళ్ళు, అప్పులు. మిర్చి ధర పడిపోయిన ఏడాది గురజాల పిల్లవాడికి పరీక్ష ఎంత కష్టమైనదో ప్రశ్నపత్రం చూసి చెప్పలేము.

భాష సంగతీ ఉన్నది. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా దొరుకుతుంది, సంతోషమే. తెలుగు మాధ్యమంలో 'స్నాయుబంధనం', 'సంధిబంధనం' అని నేర్చిన పిల్లవాడు, వైద్య కళాశాలలో అడుగుపెట్టగానే వాటిని 'టెండన్', 'లిగమెంట్' అని మళ్ళీ పుట్టించుకోవాలి. ధమని, సిర, స్నాయువు అన్నవి సుశ్రుతుని మాటలే. ఆ మాటలు పుట్టిన గడ్డ మీది పిల్లవాడు వాటిని మరిచిపోతే తప్ప వైద్యుడు కాలేడు. ఏ పట్టికలోనూ చేరని కష్టమిది.

మరి సన్నాహం ఎలాగ? విద్యలో ఒక పాదం గురువు వలన, ఒక పాదం స్వబుద్ధి వలన, ఒక పాదం తోటివారి వలన, మిగిలిన పాదం కాలక్రమేణ వస్తుందని మన పెద్దలమాట. పాదమంటే నాల్గవ వంతు. పాదవైద్య విద్యార్థికి ఇంతకంటె చక్కని సూత్రం ఏముంటుంది! ఒంటరిగా గదిలో కూర్చొని పుస్తకం మింగేవారు మూడవ పాదాన్ని పోగొట్టుకుంటున్నారు. ఒక్క ఏడాదిలోనే తేలిపోవాలని బిడ్డలను తరిమే తల్లిదండ్రులు నాల్గవ పాదాన్ని విరుస్తున్నారు. ఫలితాల రోజున ప్రాణం తీసుకునే పిల్లల వార్తలు పత్రికల్లో చదివినప్పుడల్లా, మూడవ ప్రయత్నంలో మెట్రిక్ దాటిన సుబ్బారావుగారి సంగతి వీరికెవరైనా చెప్పి ఉంటే అనిపిస్తుంది.

కాబట్టి నా తీర్పు ఇది. ఒక పరీక్ష కష్టమా అని అడిగేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: అది గీత పరీక్షా, కుర్చీల పరీక్షా? కూర్చున్నవారు ఏ జల్లెడలు దాటి వచ్చారు? రెండు రెక్కలనూ తూస్తున్నదా, ఒకదానినేనా? అక్కడికి చేరడానికి ఆ విద్యార్థి ఎంత దూరం నడిచాడు? పాదవైద్యపు బోర్డు మొదటి మూడు ప్రశ్నలకు చెప్పే జవాబు, అది గట్టిది గాని భయపడవలసినది కాదని. నాల్గవదానికి జవాబు ఆ అమ్మాయికే తెలుసు.

1960లలో, 70లలో పల్నాటి నుంచి వెళ్ళి ఆ కొలంబో పరీక్షలు వ్రాసిన వైద్యులు ఇప్పుడు ముదిమిలో ఉన్నారు. ఏ పుస్తకంలోనూ లేని చరిత్ర వారి జ్ఞాపకాల్లో ఉంది. మీ బంధువర్గంలో అటువంటివారుంటే, అడిగి తెలుగులో వ్రాసిపెట్టండి. చదివి సంతోషించేవారిలో మొదటివాణ్ణి నేనే.

స్వస్తి.