తాత మింగని మాత్రలు

పోయిన సంక్రాంతికి హిందూపురంలో అమ్మని చూసి, అక్కణ్ణుంచి ధర్మవరంలో ఉండే మామ దగ్గరికి బయల్దేరాను. అప్పటికి వారంగా దగ్గు. బెంగళూరు ఏసీ ఆఫీసుల పుణ్యం అనుకున్నాను. దారిలో పెనుకొండ దగ్గర టీకి ఆగితే పక్కనే మందుల షాపు కనపడింది. "దగ్గుకి ఏమన్నా ఇవ్వన్నా" అన్నాను. అతను చీటీ అడగలేదు, జ్వరం ఉందా అని కూడా అడగలేదు. లీవోఫ్లాక్సాసిన్ మాత్రలు ఐదు కత్తిరించి చేతిలో పెట్టి "రెండు దినాలు ఏసుకోన్నా, తగ్గితే నిలిపేయ్" అన్నాడు.

ధర్మవరంలో అన్నం తిన్నాక ఆ మాత్రలు తీస్తుంటే మామ చూశాడు. "మీ తాత గూడా ఇట్లనే, తగ్గిందని నిలిపేసినాడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. మాత్రలు మళ్ళీ జేబులో పెట్టేశాను.

తాత అంటే అమ్మ వాళ్ళ నాన్న. ధర్మవరం దగ్గర ఒక పల్లెలో పట్టుచీరలు నేసేవాడు. 1982లో దగ్గులో రక్తం పడింది. కళ్ళె పరీక్ష చేసి టీబీ అన్నారు. రెండు నెలలు సూదులు, మాత్రలు. ఒళ్ళు తేలికపడింది, ఆకలి పుట్టింది, మళ్ళీ మగ్గం గుంతలో కూర్చున్నాడు. ఇంకొన్ని నెలలయ్యాక మాత్రలు ఆగిపోయాయి. రెండేళ్ళకి జబ్బు తిరగబెట్టింది. ఈసారి అవే మాత్రలు ఇచ్చినా లొంగలేదు. 1985లో పోయాడు, నాకు అప్పుడు ఆరేళ్ళు. ఇంట్లో అందరూ చెప్పుకునే తీర్పు ఒకటే: "మొండోడు, మాత్రలు మింగలేదు". నలభై ఏళ్ళు నేనూ అదే నమ్మాను.

ఆ రాత్రి నిద్రపట్టక టీబీ మందుల చరిత్ర తిరగేయడం మొదలుపెట్టాను. తర్వాత రెండు మూడు నెలలు వీకెండ్లన్నీ దానికే పోయాయి. చివరికి ఆ చరిత్ర మా జిల్లాకే వచ్చి ఆగుతుందని నేను అనుకోలేదు.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది 1948 సంవత్సరం. ఆ ఏడాది రెండు పరిశోధన పత్రాలు వచ్చాయి. ఒకటి టీబీ మీద, ఇంకోటి కాన్సర్ మీద. రెండిటి కథా ఒకటే.

మొదటిది బ్రిటన్‌ది. 107 మంది టీబీ రోగుల్ని రెండు గుంపులు చేశారు. 55 మందికి కొత్తగా వచ్చిన స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలకి మందు తీసుకున్న గుంపులో 4 మంది చనిపోయారు, తీసుకోని గుంపులో 14 మంది. అద్భుతం అనుకున్నారు. కానీ ఐదేళ్ళు గడిచాక మళ్ళీ లెక్కేస్తే 55 మందిలో 32 మంది లేరు, 52 మందిలో 35 మంది లేరు. అంటే తేడా దాదాపు కరిగిపోయింది. బాక్టీరియా మందుకి అలవాటుపడింది.

రెండోది అమెరికాది. అందులో మనవాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అన్నదమ్ములిద్దర్ని స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నవాడు. 1922లో బోస్టన్ వెళ్ళి, హార్వర్డ్‌లో పదిహేనేళ్ళకి పైగా పనిచేసినా పర్మనెంటు ఉద్యోగం దొరక్క, 1940లో లెడర్లీ కంపెనీకి మారాడు. (వీసా స్టాంపింగు కోసం ఏడ్చే మన బాచికి ఒక మాట: 1946 దాకా భారతీయులకి అమెరికా పౌరసత్వమే ఇచ్చేవాళ్ళు కాదు. ఆ తర్వాత కూడా ఆయన తీసుకోకుండానే పోయాడు.) అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ని తయారుచేసింది. తర్వాత దానికి అచ్చం కవలపిల్లలా ఉండి, కణంలోకి వెళ్ళి పని చెడగొట్టే అమినోప్టెరిన్ చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకీమియా ఉన్న పిల్లలకి ఇచ్చాడు. 1948 జూన్‌లో వచ్చిన పత్రంలో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనపడిందని రాశాడు. అప్పటిదాకా లుకీమియా అంటే వారాల్లో చావే. కానీ ఆ గుణం కొన్ని నెలలే నిలిచింది, కాన్సర్ కణాలూ మందుకి అలవాటుపడ్డాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలోనే పోయాడు, 53 ఏళ్ళకి. అదే ఏడాది ఆయన లాబ్ నుంచి టెట్రాసైక్లిన్ జాతి మొదటి మందు ఆరియోమైసిన్ కూడా బయటికొచ్చింది. బాక్టీరియాని చంపే మందూ, కాన్సర్‌ని ఆపే మందూ ఒకే కప్పు కింద పుట్టాయన్నమాట.

రెండు చోట్లా విరుగుడు కూడా ఒకటే అయింది. ఒక మందు సరిపోదు, ఒకేసారి రెండు మూడు ఇవ్వాలి. ఇది మనకి బాగా అర్థమయ్యే లెక్క. టీబీ పుండు పట్టిన ఊపిరితిత్తిలో పది కోట్ల దాకా బాక్టీరియా ఉండొచ్చు. ఐసోనియాజిడ్‌కి లొంగని బాక్టీరియా దాదాపు పది లక్షలకి ఒకటి పుట్టుకతోనే ఉంటుంది. అంటే మందు వేసుకోకముందే ఒంట్లో వంద మొండివి కూర్చునున్నాయి. ఒక్క ఐసోనియాజిడ్డే ఇస్తే మిగతావి చచ్చి, ఈ వంద ఖాళీ అయిన ఇంట్లో సంసారం పెడతాయి. రిఫాంపిసిన్‌కి లొంగనిది పది కోట్లకి ఒకటి. రెండిటికీ లొంగనిది కావాలంటే ఆ రెండు అంకెల్నీ గుణించాలి. ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు! అంత బాక్టీరియా మనిషి ఒంట్లో ఉండదు. ఒకే రోజు రెండు సర్వర్లూ పడిపోకుండా మనం చేసే ఏర్పాటు లాంటిదే. టీబీలో పనిచేసిన ఈ ఉపాయాన్నే 1960ల మొదట్లో అమెరికా డాక్టర్లు ఫ్రై, ఫ్రైరైక్ లుకీమియా పిల్లలకి వాడారు. నాలుగు మందులు కలిపి ఇచ్చారు. వాటిలో అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ ఒకటి. ఇవాళ మంచి వైద్యం అందేచోట ఆ పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా బతుకుతున్నారంటే మొదలు అక్కడే.

సరే, మందులు కలపడం తెలిసిపోయింది. కానీ ఆ కలిపిన మందుల్ని ఏడాదీ ఏడాదిన్నర మింగించడం ఎలా? ఇక్కడ కథ మన వైపు వస్తుంది.

అంతకుముందు మా సీమలో టీబీ అంటే మదనపల్లె ఆరోగ్యవరమే. 1915 నుంచి ఉన్న శానటోరియం. గాలి, పాలు, గుడ్లు, మంచం. ఎన్ని మంచాలున్నా రోగులు అంతకి వందల రెట్లు. 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ సెంటర్ పెట్టి ఒక ప్రయోగం చేశారు. 193 మంది పేద రోగులు. సగం మందిని శానటోరియంలో పెట్టారు, సగం మందిని ఇరుకిళ్ళలోనే ఉంచి మందులిచ్చారు. 1959లో ఫలితం చెప్పారు: గుణంలో పెద్ద తేడా లేదు. ఇంట్లో వాళ్ళకి అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. ప్రపంచమంతా శానటోరియాలు మూతపడటానికి ఈ మద్రాసు లెక్క ఒక పెద్ద కారణం.

మరి అది ఊళ్ళలో పనిచేస్తుందా? బెంగళూరులో 1959లో మొదలైన నేషనల్ టీబీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దీనికోసం జిల్లా టీబీ కార్యక్రమం అని ఒకటి తయారుచేశారు. దాన్ని మొదటగా నమూనాగా నడిపి చూసిన జిల్లా మా అనంతపురం, 1961లో. మరుసటి ఏడాది 1962లో దేశమంతా జాతీయ కార్యక్రమం వచ్చింది. మన భాషలో చెప్పాలంటే మా జిల్లా పైలట్, దేశం ప్రొడక్షన్. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పుడు ఆ జిల్లావే. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.

డిజైను చాలా సింపులు. టీబీకి వేరే ఆసుపత్రులు కట్టొద్దు. ఉన్న ఆసుపత్రుల్లోనే మైక్రోస్కోపు పెట్టి, దగ్గుతో వచ్చినవాడి కళ్ళె చూడండి. ఉంటే కార్డు రాసి నెలనెలా మాత్రలు ఇవ్వండి. రాకపోతే ఉత్తరం రాయండి, ఇంటికి వెళ్ళి పిలవండి. జిల్లాకి ఒక కేంద్రం ఉండి ఇవన్నీ చూసుకుంటుంది.

అదే రోజుల్లో బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు మాకు సరిహద్దులో ఉన్న తుమకూరు జిల్లాలో ఊరూరా తిరిగి టీబీ ఉన్నవాళ్ళతో మాట్లాడారు. 1963లో రాశారు. పల్లెటూరి వాళ్ళకి అవగాహన ఉండదు, వాళ్ళే రారు అని అప్పటిదాకా పెద్దల నమ్మకం. వీళ్ళకి కనపడింది వేరే. రోగుల్లో సగానికి పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రికి వెళ్ళొచ్చారు. అక్కడ వాళ్ళ చేతిలో దగ్గుమందు సీసా పెట్టి పంపించేశారు. అంటే రోగి వచ్చాడు. మనమే వెనక్కి పంపాం.

ఇది చదివాక లేచి నీళ్ళు తాగొచ్చాను. అరవై ఏళ్ళ తర్వాత పెనుకొండలో నాకు జరిగింది ఇదే కదా. సీసా బదులు స్ట్రిప్పు, అంతే తేడా.

పైలట్ బాగానే ఉంది, ప్రొడక్షన్‌లో ఏమైంది? మనందరికీ తెలిసిన కథే. డబ్బు చాల్లేదు, మందులు సమయానికి అందలేదు, కార్డుల మీద గీతలు నిండలేదు. 1992లో ప్రభుత్వమూ ప్రపంచ ఆరోగ్య సంస్థా కలిసి సమీక్షిస్తే, మొదలుపెట్టినవాళ్ళలో సగం మంది కూడా చికిత్స పూర్తిచెయ్యడం లేదని తేలింది. సగం మింగిన మాత్రలంటే మొండి బాక్టీరియాకి మనమే వేసిన నారుమడి. 1993లో కొత్త పద్ధతి మొదలుపెట్టి, 1997 నుంచి విస్తరించారు. తాతకి అది అందలేదు.

మొన్న ఉగాదికి మళ్ళీ ధర్మవరం వెళ్ళినప్పుడు మామని సూటిగా అడిగాను.

"మామా, తాత తనంతట తనే మానేశాడా?"

"తగ్గింది గదా, పోలేదు."

"ఒక్కసారి కూడా పోలేదా?"

మామ కాసేపు మాట్లాడలేదు. "రెండు తూర్లు పొయ్యొచ్చినాడు అబ్బోడా. మందులు రాలేదు, వచ్చే వారం రా అన్నారంట. పోతే ఒక దినం మగ్గం నిలబడిపాయ, బస్సు చార్జీలు పాయ. మూడో తూరి నేనే పోదాం పా అంటే, ఒళ్ళు బాగుంది గదరా, చీర దిగల్ల అన్నాడు."

ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను, దానితో పనిలేదు. అప్పట్లో ఆ కోర్సు తక్కువలో తక్కువ ఏడాది. నెలకోసారి అంటే పన్నెండు రోజుల కూలి. అందులో రెండు రోజులు ఊరికే పోయాయి. మూడో రోజు పోగొట్టుకోలేదని నలభై ఏళ్ళు ఆ మనిషిని మొండోడు అన్నాం.

హిందూపురం వచ్చి అమ్మకి చెప్పాను. కూరగాయలు తరుగుతూ విని, కత్తి పక్కన పెట్టి, "మాకెవురూ చెప్పలేదే" అంది. అంతకన్నా ఏమీ అనలేదు.

ఇంక నా జేబులో ఉన్న ఐదు మాత్రల సంగతి. మందులకి లొంగని టీబీకి పాతికేళ్ళ క్రితం ఏడాదిన్నర, రెండేళ్ళు విషం లాంటి మందులు ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆరు నెలల్లో తగ్గించే నాలుగు మందుల జట్టు ఉంది: బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సీఫ్లాక్సాసిన్. మన దేశం 2024లో దీన్ని ఒప్పుకుంది. ఇందులో నాలుగోది నా లీవోఫ్లాక్సాసిన్‌కి సొంత అన్నదమ్ముడు. ఒకదానికి అలవాటుపడ్డ బాక్టీరియా చాలామటుకు రెండోదానికీ లొంగదు. నాకున్నది నిజంగా టీబీ అయితే, ఆ రెండు రోజుల మాత్రలకి దగ్గు కాస్త తగ్గేది, జబ్బు బయటపడటం ఆలస్యమయ్యేది, ఈలోపు నాలుగో ఆయుధం మొద్దుబారేది. 2014 నుంచి ఈ జాతి మాత్రలు హెచ్1 జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, రిజిస్టర్లో పేరు రాసుకోవాలి. నా పేరు ఎవరూ అడగలేదు. నేనూ చీటీ లేకుండానే అడిగాను లెండి, తప్పు ఇద్దరిదీ.

ఇది ఒక్క టీబీ గొడవ కాదు. మందులకి లొంగని బాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదే ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా. కీమోథెరపీలో ఉన్న మనిషికి తెల్లకణాలు పడిపోయి చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదకి వస్తుంది. అప్పుడు కాపాడేది యాంటీబయాటిక్కే. అది పనిచెయ్యకపోతే కాన్సర్ మందు ఎంత గొప్పదైనా డాక్టరు చేతులు కట్టేసినట్టే. ఒకే కప్పు కింద పుట్టిన ఆ రెండు మందులూ ఇప్పటికీ ఒకదాని భుజం ఒకటి పట్టుకునే నడుస్తున్నాయి.

అన్నట్టు, మొదలుపెట్టిన యాంటీబయాటిక్ ప్రతీదీ పెట్టె ఖాళీ అయ్యేదాకా మింగాలని కూడా కాదు. మామూలు జబ్బుల్లో చాలావాటికి చిన్న కోర్సే చాలని ఇప్పుడు పరిశోధనలు చెప్తున్నాయి. ఎన్ని రోజులో డాక్టరు చెప్పాలి, షాపతను కాదు, మనం కాదు. టీబీకి మాత్రం చెప్పినన్ని నెలలూ వాడాల్సిందే, ఒళ్ళు ఎంత బాగున్నా.

నేను బెంగళూరు తిరిగొచ్చాక కళ్ళె పరీక్ష చేయించుకున్నాను. టీబీ లేదు. దగ్గు దానంతటదే పోయింది. ఆ ఐదు మాత్రలూ మింగలేదు. మీ ఇంట్లో పనిచేసే ఆమో, ఆఫీసు కాబ్ డ్రైవరో రెండు వారాలకి మించి దగ్గుతుంటే సర్కారు ఆసుపత్రికి పంపండి. పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. వీలైతే ఆ రోజు జీతం కోయకండి. మా తాతకి తక్కువైంది అదొక్కటే.