పౌండు కేకు, పౌండు గింజలు - ఉయ్యాలవాడ నించి చూస్తే

మన ఆఫీసుల్లో కేకు కొయ్యని వారం వుండదు. పుట్టినరోజుకి కేకు, రిలీజుకి కేకు, పేపరేసి వెళ్ళిపోయేవాడికి కూడా కేకే. ఈ మధ్య మనవాళ్ళలో చాలామంది ఇంట్లోనే చెయ్యటం మొదలెట్టారు. 2020 లాక్‌డౌన్‌లో అయితే సగం మంది కొత్తగా ఓవెన్ కొన్నారు, మిగతా సగం కుక్కర్‌లో ఇసక పోశారు. సరే, మంచిదే. అయితే ఆ "బేసిక్ స్పాంజి కేకు"కి ఒక చరిత్ర వుంది. ఆ చరిత్రలో ఒక కొస మన నంద్యాల, ఆళ్ళగడ్డ దగ్గరి ఉయ్యాలవాడకి తగుల్తుంది. ఎలాగో చూద్దాం.

ముందు కేకు సంగతి. 18వ శతాబ్దపు ఇంగ్లండులో పౌండు కేకు అని వుండేది. గుర్తుపెట్టుకోవటానికి ఇంతకన్నా తేలికైన వంట లేదు: ఒక పౌండు వెన్న, ఒక పౌండు చక్కెర, ఒక పౌండు గుడ్లు, ఒక పౌండు పిండి. 1747లో హానా గ్లాస్ అనే ఆవిడ వేసిన వంటల పుస్తకంలోనే ఇది వుంది. చిక్కల్లా ఒక్కటే, పొంగించటానికి వేరే మందు లేదు. చేత్తో గంటసేపు గిలక్కొట్టి గాలి ఎక్కించాలి. అంటే పనిమనుషులున్న ఇళ్ళకే కేకు.

1843లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన దీనికి దారి కనిపెట్టాడు. ఆయన భార్యకి ఈస్టు పడేది కాదు. అందుకని వంటసోడాని, పుల్లటి పొడి ఒకదాన్ని, తడి తగలకుండా కాస్త గంజిపొడిని కలిపి బేకింగ్ పౌడర్ చేశాడు. తడి తగిలితే సోడా, పులుపు కలిసి కార్బన్ డై ఆక్సైడ్ వదుల్తాయి. పిండి పొంగుతుంది. గంట పని చెంచాడు పొడి చేసిపెడుతుంది. 1861లో మిసెస్ బీటన్ వంటల పుస్తకం వచ్చింది. అందులో "విక్టోరియా శాండ్‌విచెస్" వున్నాయి: నాలుగు గుడ్లు, వాటి బరువుకి సమానంగా వెన్న, చక్కెర, పిండి. పేరు మహారాణిది, సూత్రం పాత పౌండు కేకుదే. తర్వాత బేకింగ్ పౌడర్ వచ్చి చేరింది. ఇవాళ మనం చేసే ప్లెయిన్ కేకుకి తాత ఇదే.

ఇప్పుడు అవే ఏళ్ళలో ఉయ్యాలవాడకి వద్దాం.

1846లో నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. ఆయనకి నెలకి వచ్చే భరణం 11 రూపాయల చిల్లర. పాలెగాళ్ళ భూములు, కట్టుబడి మాన్యాలు కంపెనీ లాక్కుంటుంటే జనం ఆయన వెనక నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. తల కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా అలాగే వుంచారని చెప్తారు. 2019లో 'సైరా' వచ్చాక ఈ కథ అందరికీ తెలిసింది.

అదే ఊరి ఇంకో పెద్దమనిషి గురించి మాత్రం సీమ బయట తెలిసినవాళ్ళు తక్కువ. బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో ఈయన తన గాదెలు తెరిచి, వేలమందికి గంజి కాయించి పోయించాడు. సీమలో ఇప్పటికీ ఆయన మీద పాటలున్నాయి. ఈ దానం సంగతి లండను దాకా వెళ్ళి విక్టోరియా మహారాణి బంగారు పతకం ఇచ్చింది. అంటే ఒకే ఊరికి ఆ రాణి రాజ్యంలో ఒక ఉరితాడు, ఒక పతకం వచ్చాయన్నమాట. ఎదిరించినవాడికి తాడు, ఆమె సర్కారు చెయ్యాల్సిన పని తన గాదెతో చేసినవాడికి పతకం!

కథ ఇక్కడితో ఆగితే బావుండేది. 1876లో ధాత కరువు వచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాని భారత చక్రవర్తినిగా ప్రకటించారు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మద్రాసు రాజధానికి వచ్చి కరువు పనుల కూలి తగ్గించాడు. రోజంతా రాళ్ళు కొట్టే మగమనిషికి ఒక పౌండు గింజలు, ఒక అణా. అంతే. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దీనితో మనిషి బతకడని గట్టిగా పోట్లాడితే కొన్ని నెలలకి కాస్త పెంచారు. 1871 జనాభా లెక్కకీ 1881 లెక్కకీ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆ కరువు ఏళ్ళలో కూడా ఇండియా నించి ఇంగ్లండుకి గోధుమల ఎగుమతి ఆగలేదు.

మనం లెక్కలవాళ్ళం కదా, లెక్క వేద్దాం. పౌండు అంటే సుమారు 450 గ్రాములు. అంత బియ్యంలో దాదాపు 1600 కేలరీలు. ఒక పౌండు కేకులో నాలుగు పౌండ్ల సరుకు, సుమారు 7000 కేలరీలు. వాళ్ళ సాయంత్రం టీ బల్ల మీది ఒక్క కేకు, ఇక్కడ రాళ్ళు కొట్టేవాడి నాలుగు రోజుల తిండి.

ఇది చెప్పి కేకు తినొద్దు అనటం లేదండీ. వెన్నా చక్కెరా ఏ పాపం చేశాయి? అసలు చక్కెర మనదే, "షుగర్" అనే మాటకి మూలం మన "శర్కర". నేననేది వేరే. "కేకు మన సంస్కృతి కాదు" అనేవాళ్ళు ఒకవైపు, "మనవాళ్ళకి బేకింగ్ రాలేదు, వెనకబడ్డారు" అనేవాళ్ళు ఒకవైపు వాదించుకుంటుంటారు. రెండూ తప్పే. సీమలో పండేది జొన్న, కొర్ర. జొన్నలో గ్లూటెన్ వుండదు, అంటే పొంగిన గాలిని పట్టివుంచే సాగుడు లేదు. అందుకే అది రొట్టె అయ్యింది, సంగటి అయ్యింది. ఇక పొయ్యి చూస్తే మూడు రాళ్ళు, పత్తికట్టె. వేడి కింద నించే వస్తుంది. కేకుకి నాలుగు వైపుల నించీ పొడి వేడి కావాలి. తెలివి లేక కాదు, సరుకూ పొయ్యీ వేరు.

మన దేశంలో కేకు బేకరీల ద్వారా వచ్చింది. 1883లో కేరళ తలశ్శేరిలో మాంబళ్ళి బాపు ఒక తోటల దొర తెచ్చిచ్చిన క్రిస్మస్ కేకు రుచి చూసి తన పద్ధతిలో చేసి చూపించాడని అంటారు. హైదరాబాదులో దేశవిభజనప్పుడు సింధు నించి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టాడు. ఇంట్లోకి రావటానికి మాత్రం ఓవెన్ కాదు, కుక్కరు దారి చూపించింది. 1959 నించి దేశంలో ప్రెషర్ కుక్కర్లు తయారవటం మొదలైంది. వాటిలో ఇసకో ఉప్పో పోసి, నాలుగు వైపులా వేడి కొట్టేలా చేసుకున్నది మన ఆడవాళ్ళే. ఏ పుస్తకమూ లేకుండా ఓవెన్‌ని మళ్ళీ కనిపెట్టారన్నమాట.

ఇక కొత్తగా చేసేవాళ్ళకి ఆ పాత సూత్రమే చాలు. నాలుగు గుడ్లు పెంకుతో తూచండి, 200 నించి 220 గ్రాములు వస్తుంది. అంతే వెన్న (మెత్తబడాలి, కరగకూడదు), అంతే పొడి చక్కెర, అంతే మైదా, ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. వెన్నా చక్కెరా తెల్లబడేదాకా గిలక్కొట్టి, గుడ్లు ఒక్కోటీ కలిపి, చివర్లో మైదా వేసి నెమ్మదిగా తిప్పండి. మైదా పడ్డాక ఎక్కువ కలిపితే గ్లూటెన్ బిగిసి కేకు రొట్టెలా అవుతుంది. ఓవెన్ అయితే 180 డిగ్రీలు, 35-40 నిమిషాలు. కుక్కర్ అయితే పాతది తీసుకుని అంగుళం మందాన ఉప్పు పోసి, పైన స్టాండు పెట్టి, గాస్కెట్, విజిల్ తీసేసి, నీళ్ళు పొయ్యకుండా పది నిమిషాలు వేడిచేసి, తర్వాత సన్నసెగ మీద 45 నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. గుడ్డు తిననివాళ్ళు పెరుగు, వంటసోడా పద్ధతి పట్టుకోవచ్చు. అక్కడ పెరుగే పులుపు, కాబట్టి సోడా పనిచేస్తుంది. మైదాలో పావు వంతు జొన్నపిండి కలిపి చూడండి. గుడ్డు పట్టివుంచుతుంది కాబట్టి కేకు కూలదు, కాస్త పొడిపొడిగా వస్తుంది గానీ రుచి బావుంటుంది.

మన పాఠాల్లో విక్టోరియా పేరు ప్రకటనల్లో, దర్బారుల్లో వస్తుంది. ప్రపంచం వంటింట్లో ఆమె పేరు ఒక కేకుకి నిలిచిపోయింది. కడుపు నిండిన రోజు కేకు ఎలా చెయ్యాలో పుస్తకాలు వివరంగా చెప్తాయి. కడుపు కాలిన రోజు గంజి కాచినాయన పేరు మాత్రం ఆ సీమ పాటల్లోనే మిగిలింది. పిల్లలకి కేకు చెయ్యటం నేర్పేటప్పుడు, గుడ్లు తూచే ఆ రెండు నిమిషాల్లో, వెంగళరెడ్డి గురించి కూడా ఒక మాట చెప్పండి. బరువేమీ కాదు.