తీరంలో గీసిన గీతలు

తీరం శుభ్రం చేయడమంటే మనకు గుర్తొచ్చేవి చేతొడుగులు, గోనెసంచులు, చివర్లో ఒక గ్రూప్ ఫోటో. ఈ ఉద్యమం పుట్టిన తీరు వేరు. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరాన లిండా మరానిస్ పిలుపు మీద 2,800 మంది వచ్చి 124 టన్నుల చెత్త ఎత్తారు. ఎత్తి ఊరుకోలేదు, దొరికినదాన్ని రకాలవారీగా కార్డుల మీద లెక్క రాశారు. సీసా మూత దొరికితే ఒక గడిలో గీత, సిగరెట్ పీక దొరికితే మరో గడిలో గీత. పదేళ్ల పిల్లలైనా చేయగల పని. ఇప్పుడు ఏటా సెప్టెంబర్ మూడో శనివారం ఎన్నో దేశాల్లో బడిపిల్లలు, కాలేజీ విద్యార్థులు ఆ గీతలే గీస్తున్నారు. యువత సముద్రానికి చేస్తున్న అసలు మేలు ఆ గీతల్లోనే ఉందని నా నమ్మకం.

పెద్దలు పారేస్తే పిల్లలు ఏరాలా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ముంబైలోని వెర్సోవా తీరాన్ని 2015 అక్టోబర్ నుంచి అఫ్రోజ్ షా వెంట వాలంటీర్లు శుభ్రం చేస్తూ వచ్చారు. 2018 మార్చిలో అక్కడ ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు ఇసుకలోంచి సముద్రంలోకి పాకాయి. అయినా వానాకాలం వస్తే చెత్త మళ్లీ ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉంది. ఏరడంతోనే సరిపెడితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. చిల్లు ఎక్కడుందో చూపించేది లెక్క. 2019లో యూరోపియన్ యూనియన్ చట్టం చేసినప్పుడు, తీరాల్లో ఎక్కువగా దొరికిన పది రకాల ప్లాస్టిక్ వస్తువులనే గురిపెట్టింది. స్ట్రాలు, చెంచాలు, పళ్లేల అమ్మకం 2021 జూలై నుంచి ఆగింది. బాలిలో మెలాటి, ఇసబెల్ విజ్సెన్ అనే అక్కాచెల్లెళ్లు 2013లో ప్లాస్టిక్ సంచుల మీద పోరు మొదలుపెట్టేనాటికి వాళ్ల వయసు పన్నెండు, పది. సంతకాలు సేకరించారు, గవర్నర్‌ను కలవడానికి నిరాహారదీక్షకూ సిద్ధపడ్డారు. 2019లో ఆ దీవిలో నిషేధం అమల్లోకి వచ్చింది. పిల్లల మీద భారం మోపడం తప్పే. పిల్లలు తెచ్చిన సాక్ష్యాన్ని పెద్దలు పక్కన పడేయడం అంతకన్నా పెద్ద తప్పు.

మన దేశంలో 2022 జూలై 1న వచ్చిన నిషేధం స్ట్రాలకు, ప్లాస్టిక్ పళ్లేలకు వర్తిస్తుంది. షాంపూ సాచెట్లు, చిప్స్ ప్యాకెట్లు అందులో లేవు. ప్రపంచవ్యాప్తంగా సేకరించిన 2019 లెక్కల్లో సిగరెట్ పీకలను దాటి తొలిసారి మొదటి స్థానానికి వచ్చినవి తినుబండారాల రేపర్లే. విశాఖలో వానలకు గెడ్డలు తెచ్చి సముద్రంలో కలిపేది ఏమిటో విద్యార్థులు ఏడాది పాటు వరసగా రాస్తే, నిషేధంలో ఏం మిగిలిపోయిందో కాగితం మీద కనబడుతుంది. బీచ్‌కు పిల్లలను తీసుకెళ్లే ఉపాధ్యాయులారా, సంచితో పాటు ఒక నోటుబుక్కు కూడా ఇవ్వండి. అది నిండాక కలెక్టర్ చేతికి పిల్లలతోనే ఇప్పించండి.